కరెంటుకు వంతు

పెళ్లిచూపుల్లో మా మామగారు నన్ను కూర్చోబెట్టి, "బాబూ, కరెంటు నువ్వు తయారుచేస్తావా?" అని అడిగారు. లేదండి, అది డ్యాముల దగ్గర ఉండేవాళ్ల పని అన్నాను. "అయితే అమ్ముతావా?" అన్నారు. బిల్లుల సంగతి వేరే ఆఫీసు చూసుకుంటుందండి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మరి నువ్వు చేసేదేమిటి?" అన్నారు. వచ్చే కరెంటు ఆగిపోకుండా చూస్తానండి అన్నాను. ఆయనకు నమ్మకం కుదిరినట్టు లేదు. అయినా సర్కారు ఉద్యోగం కదా అని పిల్లనిచ్చారు.

మాది కృష్ణా కాలువల కింద ఊరు. అరవైల్లో సంగారెడ్డి వైపు వేశారు. పటాన్‌చెరు చుట్టూ అప్పుడప్పుడే కార్ఖానాలు లేస్తున్నాయి. బీరంగూడ, పటేల్‌గూడ దాటితే ఇంకా జొన్న చేలే. రెండు మూడుసార్లు బదిలీ చేస్తామన్నారు, నేనే కాళ్లావేళ్లా పడి ఇక్కడే ఉండిపోయాను. మా ఆవిడ మొదట్లో గొణిగినా, తర్వాత తనే ఈ ఊరి మనిషైపోయింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో మీకు అనవసరం. యంత్రాల గురించి మీకు పుస్తకాల్లో నాకంటే బాగా చెప్పారు. పుస్తకంలో లేని సంగతులు ఒకటి రెండు నా దగ్గర ఉన్నాయి, అవి చెబుతాను.

గేటు దగ్గర డ్యూటీ

నా మొదటి పై అధికారి హైదరాబాదు పాతబస్తీ మనిషి. చేరిన రోజు సబ్‌స్టేషను మ్యాపులన్నీ బల్ల మీద పరుచుకుని చదవబోతుంటే వచ్చి చూసి నవ్వాడు. "అరె భాయ్, నక్షాలు యాడికి పోతయ్? ముందుగాల పోయి కార్ఖానా గేటుకాడ నిలబడు. మనుషులు ఎప్పుడొస్తున్నరు, ఎప్పుడు పోతున్నరు సూసి రా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంజినీరింగు చదివి వచ్చినవాణ్ణి కాపలావాడిలా గేటు దగ్గర నిలబెట్టడమేమిటి? కాని మొదటి ఉద్యోగం, ఎదురు చెప్పే ధైర్యం లేదు. వెళ్లి నిలబడ్డాను. భోజనాల గంట కొట్టగానే లోపల యంత్రాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ ఊపుకి లైన్లో వోల్టేజి పెరిగి, రోడ్డవతల టైలరు కొట్లో బల్బు ఠప్పుమని పోయింది. టైలరు బయటికొచ్చి, ఎవరని చూడకుండా నన్నే తిట్టాడు. "రోజూ గిదే పరేషానీ! అన్నం తినేది వాళ్లు, బల్బు పోయేది నాది!"

అప్పుడర్థమైంది మా పెద్దాయన నన్నెందుకు పంపాడో. మర్నాటి నుంచి గంట కొట్టకముందే వోల్టేజి తగ్గించి సిద్ధంగా ఉండేవాణ్ణి. టైలరు తర్వాత నాకు పెళ్లి ప్యాంటు కుట్టాడు, కొంచెం బిగుతుగానే కుట్టాడు. కొత్తగా వచ్చేవాళ్లకు నేనిప్పటికీ అదే చెబుతాను. మీటరు చూసే ముందు ఆ మీటరు వెనక ఎవరున్నారో చూసి రండి. ఈ మాట విని నవ్వే ఇంజినీర్లు ఉన్నారు. వాళ్ల లైన్లే ఎక్కువగా పడిపోతుంటాయని నా అనుభవం.

వానలు మొహం చాటేసిన ఏడు

అప్పట్లో మన కరెంటులో ఎక్కువ భాగం నీళ్ల నుంచే వచ్చేది. డ్యాము నిండితే మాకు పండగ, నిండకపోతే మా ముఖాలు ఎండిపోయేవి. బొగ్గుతో నడిచే కొత్త కేంద్రాలు వస్తున్నాయి కాని అవి అప్పటికి చంటిపిల్లల్లాంటివి. ఎప్పుడు ఏడుస్తాయో, ఎప్పుడు నిద్రపోతాయో తెలిసేది కాదు. ఇటు చూస్తే పటాన్‌చెరులో ఏటా కొత్త పొగగొట్టాలు. పల్లెల్లో ప్రతి బావికీ మోటారు. అడిగేవాళ్లు పెరుగుతున్నారు, ఇచ్చేవాడి చేతిలో ఉన్నది తగ్గుతోంది.

డెబ్భైల మొదట్లో ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. డ్యాములు అడుగంటాయి. హైదరాబాదు నుంచి లోడ్ డెస్పాచ్ వాళ్లు, అంటే రాష్ట్రమంతా ఎక్కడ ఎంత కరెంటు పోతోందో చూసేవాళ్లు, రోజూ ఫోను చేసి "రిలీఫ్ ఇవ్వండి" అనేవారు. రిలీఫ్ అంటే ఎవరో ఒకరి లైను కట్టెయ్యమని. మా సబ్‌స్టేషను గోడ మీద ఫ్రీక్వెన్సీ చూపించే మీటరు ఉండేది. దాని సూది యాభై దగ్గర నిలబడాలి. ఉన్న కరెంటు కంటే వాడకం ఎక్కువైతే అది కిందికి జారుతుంది. మరీ జారితే ఎక్కడో ఒక కేంద్రం ఆగుతుంది, దాని బరువు పక్కదాని మీద పడుతుంది, చూస్తుండగా రాష్ట్రమంతా చీకటి. అందుకని ఆ ఫోను వస్తే మేము వాదించం. కట్టేస్తాం.

నా చేతి కింద ముఖ్యంగా మూడు లైన్లు. ఒకటి ఉక్కు పోత పోసే కార్ఖానాది. కొలిమిలో లోహం కరుగుతుండగా కరెంటు పోతే అది గడ్డకట్టి కొలిమే పాడైపోతుంది, కాబట్టి చెప్పకుండా దాన్ని తియ్యకూడదు. రెండోది సంగారెడ్డి పట్టణానిది. పెద్ద ఆఫీసులు, ఆఫీసర్ల బంగళాలు దాని మీదే. దాన్ని ముట్టుకోవద్దని మా డివిజనల్ ఇంజినీరు గారి నోటిమాట ఆర్డరు. మూడోది ముత్తంగి అవతలి పల్లెల లైను. కాబట్టి రిలీఫ్ అంటే ఎప్పుడూ పల్లెల లైనే.

మా డి.ఇ. గారి గురించి ఒక్క మాట. చెడ్డవాడు కాదు. చేతికి మట్టి అంటితే కడుక్కునేదాకా స్థిమితం ఉండని మనిషి. లైన్ల గురించి ఆయనకు తెలియనిది లేదు. కాని బంగళా నుంచి ఫోను వస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు.

ముడి

ఆ ఏడు పల్లెల లైనుతో ఒక విచిత్రమైన తంటా వచ్చింది. కట్టేసిన లైనును మళ్లీ వేస్తే నిలవడం లేదు. వెయ్యగానే దభీమని బ్రేకరు, అంటే తేడా వస్తే లైనును దానంతట అదే కట్టేసే స్విచ్చు, పడిపోతుంది. మళ్లీ వేస్తే మళ్లీ పడుతుంది. ఎక్కడో తీగ తెగిందనుకున్నాం, కొమ్మ తగిలిందనుకున్నాం. మా లైన్‌మన్ సాయిలు, నేను స్తంభం స్తంభం చూసుకుంటూ నడిచాం. ఎక్కడా ఏమీ లేదు.

మధ్యాహ్నం ఎండకు తాళలేక ఒక బావి పక్కన మోటారు పెట్టిన చిన్న రేకుల కొట్టంలో కూర్చున్నాం. ఎదురుగా గోడకు స్టార్టరు. దానికొక పిడి ఉంటుంది. పైకెత్తితే మోటారు తిరుగుతుంది, కరెంటు పోగానే పిడి దానంతట అదే కింద పడాలి. ఆ పిడి పైకెత్తి, పాత చీర పేలికతో గట్టిగా ముడేసి కట్టి ఉంది.

ఆ బావి సత్తెమ్మది. భర్త పటాన్‌చెరు కార్ఖానాలో షిఫ్టులు చేస్తాడు, పొలం ఆమే చూసుకుంటుంది. మేము పేలిక వంక చూడడం గమనించి గట్టు మీంచి దిగి వచ్చింది.

"ఏంది సార్, గట్ల సూస్తున్నవ్? అది నేనే కట్టిన."

కోస్తావాణ్ణి, మొదట్లో ఇక్కడివాళ్లు "సార్" అంటూనే "నువ్వు" అంటే ముఖం మాడ్చుకునేవాణ్ణి. అందులో అమర్యాద లేదని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. "ఎందుకు కట్టావమ్మా?" అన్నాను.

"కరెంటు ఎప్పుడొస్తదో నీకు ఎరుకనా? నీకే ఎరుక లేదు, నాకెట్ల ఎరుకైతది? ఇంటికాడ బర్లున్నయ్, పిల్లలున్నరు. దినమంత ఈడ కూసోని నీ కరెంటుకు కావలి ఉండాల్నా? కట్టి పెడితే, వచ్చినప్పుడు అదే తిరుగుతది."

"అందరూ ఇలాగే కట్టారా?"

"కట్టనోడెవడు?"

సాయిలు నా ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశాను. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా తాగే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి మొదలైతే లైను ఓర్చుకుంటుంది. మేము లైను వెయ్యగానే అన్ని బావుల మీద మోటార్లూ ఒక్కసారి లాగుతుంటే ఏ బ్రేకరు నిలుస్తుంది? మేం వేళకు ఇవ్వడం లేదని వాళ్లు కట్టారు. వాళ్లు కట్టడం వల్ల మేం అసలే ఇవ్వలేకపోతున్నాం.

సత్తెమ్మ మడి చూశాను. వరి పొట్ట మీద ఉంది. మట్టి నెర్రెలు విచ్చింది. బావిలో నీళ్లున్నాయి, చేతికందే దూరంలో మెరుస్తున్నాయి. "ఇంగ రెండు మూడు దినాలు గిట్లనే ఉంటే ఇగ కొడవలి కాదు, అగ్గిపెట్టె తేవాలె" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు.

గిర్నీ దగ్గర

డి.ఇ. గారికి చెబితే, "స్టార్టర్లు కట్టినవాళ్ల కనెక్షన్లన్నీ కోసెయ్" అన్నారు. కోస్తే ఆ లైన్లో మిగిలేది మన స్తంభాలేనండి అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది, దాచుకున్నారు. "అయితే ఏం చేస్తావో చెయ్యి. లైను నిలబడాలి" అన్నారు. అంతమాత్రం వదిలేశారు, అందుకు ఆయనకు దణ్ణం పెడతాను. తన దారి ఒప్పుకోకపోయినా మన దారి మూసెయ్యని అధికారి దొరికితే వదులుకోకండి.

ఊళ్లో మనుషులందరూ దొరికే చోటు పిండి గిర్నీ. కరెంటు కోసం జొన్నల గంపలు పెట్టుకుని అక్కడే కూర్చునేవారు. అక్కడికి వెళ్లి సంగతంతా చెప్పాను. పేలికలు విప్పండి, కొందరు ముందు, కొందరు తర్వాత వేసుకోండి అన్నాను. గోల మొదలైంది. ఎవరు ముందు, ఎవరు తర్వాత?

మా వైపు కాలువకు లష్కరు ఉంటాడని, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లో వంతు ప్రకారం అతనే తూము తీస్తాడని చెప్పాను. దాంతో మూలన చుట్ట కాలుస్తున్న బాలయ్య లేచాడు. ఆయన ఊరి నీరటి. చెరువు నీళ్లు పంచేది ఆయనే. "గా లష్కరు పని ఈడ నాది. చెరువుకు వంతున్నది. కరెంటుకు ఎందుకుండొద్దు?" అన్నాడు.

"చెరువు లెక్కనే అంటే మల్ల మీదోళ్లకే ముందు!" సత్తెమ్మ లేచింది. "కిందోళ్లం మేం ఎండాల్నా?"

"సగం దినం వాళ్లకు, సగం దినం మీకు. ఎక్కువ లేదు, తక్కువ లేదు" అన్నాడు బాలయ్య. మీది బావులవాళ్లు, అంటే ఎగువవాళ్లు, తలలూపారు, లాభం వాళ్లదే కదా. కిందివాళ్లు సణుగుతూ ఒప్పుకున్నారు. సత్తెమ్మ మాత్రం నా దగ్గరికొచ్చి నిలబడింది.

"చెప్పిన యాళ్లకు కరెంటిస్తవా సార్? ఇస్తనను, పేలిక ఇప్పుత."

ఈ ఉద్యోగంలో అలాంటి మాట ఇవ్వకూడదని నాకు తెలుసు. కరెంటు నా జేబులో లేదు. అయినా ఆమె ముఖం చూసి ఇంకేమీ అనలేకపోయాను. "ఇస్తానమ్మా" అన్నాను.

మాట గంగలో కలిసింది

మొదటి రోజు పొద్దున చెప్పిన వేళకు లైను వేశాను. చెయ్యి బ్రేకరు మీదే ఉంచి ఊపిరి బిగబట్టాను. లైను నిలిచింది! లైను ఎంత కరెంటు లాగుతోందో చూపే మీటరు సూది నెమ్మదిగా, మెట్లు ఎక్కినట్టు లేచింది. ఒకదాని తర్వాత ఒకటి మీది బావుల మోటార్లు మొదలవుతున్నాయి. సాయిలు ఈలవేశాడు. నాకూ వెయ్యాలనిపించింది కాని ఆఫీసరును కదా.

మీదివాళ్ల వంతు అయిపోయి కిందివాళ్ల వంతు వస్తుందనగా ఫోను మోగింది. బొగ్గు కేంద్రంలో ఒక యంత్రం ఆగిపోయింది, వెంటనే రిలీఫ్ ఇవ్వమన్నారు. గోడ మీద ఫ్రీక్వెన్సీ సూది అప్పటికే జారుతోంది.

కార్ఖానాకు ఫోను చేశాను. అక్కడి ఎలక్ట్రికల్ ఇంజినీరు మా జిల్లావాడే. "కొలిమి నిండా లోహం ఉందండీ, కాసేపు ఓపిక పట్టండి" అన్నాడు. అతను అబద్ధమాడే మనిషి కాదు. డి.ఇ. గారికి చేశాను. "ఈ ఒక్కసారికి పట్టణం లైను తీస్తానండి. పల్లెకు మాటిచ్చాను" అన్నాను.

"నీకేమైనా పిచ్చా? బంగళాలో మీటింగు జరుగుతోంది. ఎవరు సమాధానం చెబుతారు? పల్లె తియ్యి" అన్నారు.

తీశాను. అక్కడ నిలబడి ఇంకో నిమిషం వాదిస్తే నా మాట దక్కేదేమో, రాష్ట్రం మొత్తం పడిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు, ఇప్పుడు మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టినా అదే చేస్తాను. కాని తెలిసినంత మాత్రాన సిగ్గు పోదు. ఇచ్చిన మాట మొదటి రోజే గంగలో కలిసింది. సాయిలును సైకిలు మీద ఊళ్లోకి పంపాను, ఈ రోజుకు ఇక రాదని చెప్పమని.

సాయంత్రం తిరిగొచ్చాడు. "తిట్టారా?" అన్నాను.

"తిట్టినా మంచిగుండు సార్. ఎవ్వలు ఏమన్లే. సత్తెమ్మ ఇప్పిన పేలిక నడుముల చెక్కుకొని ఇంటికి పోయింది."

ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మర్నాడు

మర్నాడు డి.ఇ. గారు స్వయంగా సబ్‌స్టేషనుకు వచ్చారు. అందరూ మళ్లీ పేలికలు కట్టి ఉంటారని, లైను వెయ్యగానే పడుతుందని ఆయన లెక్క. నిజం చెప్పాలంటే నా లెక్కా అదే. వేశాను. పడలేదు. నిన్నటిలాగే లైను మీటరు సూది మెట్లు మెట్లుగా లేచి నిలబడింది.

"ఏదో జరుగుతోందక్కడ. పద, చూద్దాం" అన్నారాయన.

జీపులో వెళ్తున్నంతసేపూ నేను మీది బావులవాళ్లను ఎలా బతిమాలాలో మనసులో కూడబలుక్కుంటున్నాను. ఈ పూట కిందివాళ్లను ముందు తడుపుకోనివ్వండి, వాళ్ల పైరు పోయేలా ఉంది, నా ముఖం చూసైనా ఒప్పుకోండి అని. వాళ్లూ ఎండిపోతున్నవాళ్లే. ఏ ముఖం పెట్టుకుని అడగను?

ఊరు చేరేసరికి మీది బావుల మోటార్లు ఒక్కటీ తిరగడం లేదు. వాటి సొంతదారులు గట్ల మీద కూర్చుని ఉన్నారు. బాలయ్య చేతికర్ర నేలకానించి నిలబడ్డాడు. డి.ఇ. గారు నేరుగా ఆయన దగ్గరికే వెళ్లారు.

"మోటార్లు వెయ్యలేదేం? కాలిపోయాయా?"

"కాలలే సార్. నిన్న కిందోళ్ల వంతుకే కరెంటు తీసిన్రు. వంతు ఏడ ఆగిందో ఆడికెల్లే షురువైతది."

"అలా చెయ్యమని ఎవరు చెప్పారు?" అని ఆయన నా వైపు చూశారు. నేను కాదన్నట్టు తలూపాను.

బాలయ్యకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఎవలు చెప్తరు సార్? వంతంటే గదే" అన్నాడు.

జీపులో కూడబలుక్కున్న మాటలతో ఇక పని లేకపోయింది. కింద సత్తెమ్మ బావి మీద మోటారు గీపెడుతోంది. అటు దిగాం. ఆమె చీర మోకాళ్లదాకా చెక్కి, పార చేతపట్టి, నీళ్లు ఎటు పోవాలో అటు మట్టి తీస్తూ పరుగులు పెడుతోంది. నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే గుడగుడమని చప్పుడు. డి.ఇ. గారు ఏదో అడగబోయి, మెరిసే బూట్లతో సరిగ్గా మడికి నీళ్లు పారే కాలువ నోట్లో నిలబడ్డారు.

సత్తెమ్మ తల ఎత్తింది. ఆయన ఎవరో ఆమెకు తెలియదు, తెలిసినా ఆ క్షణంలో పట్టేది కాదు.

"సార్, జెర పక్కకు జరుగు. నీళ్లకు అడ్డమున్నవ్."

ఆయన ఉలిక్కిపడి కిందికి చూసుకుని పక్కకు జరిగారు. బూట్లు బురదయ్యాయి. నీళ్లు మడిలోకి వెళ్లాయి. ఆమె మళ్లీ మా వైపు చూడలేదు.

తిరుగు దారిలో పటాన్‌చెరు పొగగొట్టాలు కనబడ్డాక, ఆయన ముందుకే చూస్తూ అన్నారు.

"మళ్లీ రిలీఫ్ అడిగితే సంగారెడ్డి తియ్యి. ఆ తర్వాతిసారి పల్లె. వంతుల ప్రకారం."

"బంగళాలవాళ్లు ఫోను చేస్తే ఏమనమంటారండి?"

"నా దగ్గరికి పంపు" అన్నారాయన. "కూర్చునే మాట్లాడతాను."